మెత్తటిదే పంపు

హలో… ఆ, నేనే ఏబెలూ, సుసన్నక్కని. కొట్లోనే ఉన్నావా?… జెరూషా స్నానానికి వెళ్ళింది. సామాను సంగతి నాకు చెప్పు.

…ఆ, రిమోట్‌తో ఎగరేసే బ్యాటరీ బొమ్మ విమానం బాడీకే. మళ్ళీ మొదలెట్టింది నీ మేనకోడలు. వచ్చే శుక్రవారం ఎడారిలో ఎగరేసే పోటీ ఉందిగా.

…బల్సా చెక్క వద్దురా. తేలికేలే, తెలుసు. విరిగితే పేళ్ళు లేస్తాయి.

…ప్లైవుడ్డా? అమ్మో.

…కార్బన్ గొట్టం అసలే వద్దు! …తేలికే, గట్టిదే. విరగదు. అందుకే వద్దంటున్నా.

ఫోమ్ షీటు పంపు. మెత్తటిదే పంపు. …సొట్టపోతే పోనీ.

…లోకమంతా గట్టిది అడుగుతుంటే అక్క మెత్తటిది అడుగుతోందేంటనా…

—ఏం లేదురా.

…పోయిన విమానం గాలికి కూలలేదు. కూలిందని చెప్పమంది నేనే.

…అల్లుడుగారు. బల్సాదాన్ని జెరూషా వీపు మీద విరగ్గొట్టారు. గుచ్చుకున్న పేళ్ళన్నీ పిన్నీసుతో నేనే తీశాను. ప్లైవుడ్డుదాంతో కొడితే దీని నుదురు చిట్లింది. మూడోదాంట్లో నువ్వే కార్బన్ గొట్టం పెట్టించావు… విమానం ముక్కలైంది, గొట్టం మిగిలింది. దాంతోనే చెయ్యి విరిచాడు వాడు.

…మెట్ల మీద జారలేదురా. కట్టు మొన్ననేగా విప్పారు.

…ఎందుకంటే ఏం చెప్పను? ఎగరేసేచోట మగాళ్ళందరూ దీన్నే చూస్తారట.

…అరవకు. నువ్వొచ్చి వాణ్ణి నరికితే నిన్ను జైల్లో వేస్తారు. అప్పుడు మాకెవరున్నారు?

…మానెయ్యమన్నానురా. "విమానం మానేస్తే ఉత్త చేతులతో కొడతాడు, అంతేగా అమ్మా" అంది. ఇంకేం అనను? పోనీ, మెత్తటిదైనా కొనిద్దామనుకున్నా. తల్లినైయుండి… ఏ దెబ్బ తక్కువ తగులుతుందా అని చూసుకుంటున్నా.

…ఆ గొట్టమా? పారెయ్యలేదు. బియ్యం డబ్బాలో దాచాను.

ఉండు… రాస్ లఫాన్ గ్యాస్ ప్లాంటు బస్సు ఆగింది. జేమ్స్ డ్యూటీ దిగాడు. చిన్నగా మాట్లాడు.

—వచ్చారా బాబూ… తమ్ముడు. ఊరికే, బాగోగులు అడుగుతున్నాడు… కాగితమా? అది… అది విమానానికి గీసుకున్న బొమ్మే… బాబూ, చింపకండి. బాబూ! అది స్నానంలో ఉంది!

…ఏబెలూ, బాత్రూం తలుపు తంతున్నాడురా. …గడియ ఊడిపోతోంది… జెరూషా, తియ్యకే తల్లీ! తియ్యకు!

…నువ్వు రాకు. అక్కణ్ణుంచి మా అల్ ఖోర్ వచ్చేసరికి అంతా అయిపోతుంది. కొట్లో ఫోన్ తీసుకుని పోలీసుకి చెయ్యి. మా ఇల్లు చెప్పు… చెయ్యి, చెయ్యి!

…ఇక్కడే ఉన్నా. బియ్యం డబ్బా దగ్గర.

…వద్దంటావా? వద్దని ఎన్నాళ్ళు?

…నువ్వన్నది నిజమేరా. చేతిలో ఉన్నట్టే లేదు. ఇంత తేలికా ఈ గొట్టం!

ఫోన్ పొయ్యి పక్కన పెడుతున్నా. కట్ చెయ్యకు. విను, రేపు సాక్ష్యం చెప్పాల్సింది నువ్వే.

—జేమ్స్! ఆ తలుపు వదులు. ఇటు తిరుగు.