చుక్కల్లో దేముడు

హలో… ఆ, నేనే, ప్రెస్సు ధనశ్రీని. సెప్పు సత్తియ్య బావా. కశింకోట ఆటోలో పంపిన పెట్టి బొమ్మ ప్రూఫు అందిందా?…

ఏటీ?… అమ్మోరు పోసినట్టుందా! ఎవలికి, మీ నాన్నకా?… అయ్యో, అయి చుక్కలు బావా!

మిషను పాడవలేదు… ఇంకూ కక్కలేదు… ఇనవా మరి.

నీ బెల్లం పెట్టికి ఏసేది నల్ల ఇంకొక్కటే. బూడిద రంగంటూ లేదు. మరి మీ నాన్న, దేముడు మామ చెంప మీద నీడ ఎలా వత్తాదీ? చుక్కల్తోనే. నీడున్న కాడ లావు చుక్క, ఎలుగున్న కాడ సన్న చుక్క. మిగతాది మన కళ్ళే కలిపేసుకుంటాయి…

పెళ్ళికార్డుల్లోనూ ఉంటాయి. మరీ సన్నం, అగపడవు. అట్టపెట్టి ఇంకు పీల్చేత్తాది. సన్న చుక్కలేత్తే అలికేసినట్టయిపోద్ది. అందుకే లావుగా ఏసేను…

ఫోటో తీసెయ్యాలా?… బదులుగా చెరుకుగెడలెయ్యాలా!

బావా, ఆ గెడలు ఊళ్ళో ప్రతి పెట్టి మీదా ఉన్నాయి. మామ బెల్లానికి ప్రైజొచ్చిన్నాటి పేపరు ముక్క ఇది. పోయిన మనిషికి ఇంకో ఫోటో లేదని నువ్వే కదా అన్నావు? ఆ పేపరు చుక్కలు చెరిపి, కొత్తయి ఎయ్యడానికి రెండ్రోజులు కూకున్నాను…

కోపమేం కాదు. ఎంత దగ్గర్నుంచి సూత్తన్నావు?… భూతద్దమా! అలా సూత్తే నా మొకమూ అమ్మోరు మొకమే.

గోడకి ఆనించు. నాలుగడుగులు ఎనక్కెళ్ళు… మంచం అడ్డమా? ఎక్కు!… ఇంకా చుక్కలేనా?… నీ కళ్ళు మరీ మంచియి బావా, అదే చిక్కు.

తలుపులమ్మత్త ఉందా?… మీ అమ్మకే సూపించు… కళ్ళజోడు ఎతక్కు, లేకపోతేనే మంచిది. ఎవలని సెప్పకు. ఊరికే సూపించు…

…

ఏటంటంది?…

బావా?… ఏడుత్తందా?…

తిడతందా! ఎవల్ని, మామనా?… స్పీకరెట్టు, స్పీకరెట్టు…

అత్తా, ధనశ్రీని… ఆ… ఆ… "పై గుండీ ఎట్టుకోమని సెప్పేను కదా, పేపరోళ్ళ ముందర ఇలాగేనా" అనా!

ఉండత్తా… అవును, నిజమే. ఊడిపోయుంది. రెండ్రోజులు సూసేను, నాకే అగపడలేదు. కంప్యూటర్లో ఎట్టేత్తాను, నిమిషం పని…

వద్దా?…

"ఉన్నన్నాళ్ళూ నా మాట ఇన్లేదు, ఇప్పుడింటాడా" అనా… సరేలే అత్తా. ఉన్నోణ్ణి ఉన్నట్టే ఏసేత్తాను.

బావా, ఏటి, నీ కళ్ళూ మసకేసేయా?… నీకూ అగపడ్డాడా!… మరి చెరుకుగెడలో?… అదీ మాట. మధ్యాన్నమే అచ్చు ప్లేటుకి పంపేత్తాను.

ప్రూఫా?… ఎనక్కి పంపకు. అత్త కాడే ఉండనీ బావా. తిట్టాల్సింది ఇంకా ఉంటాది… ఉంటాను.