వంతెన దాటితే

కొనేవాళ్లకు కొత్త గేమ్ చూపించాల్సిన ఉదయం. ఆఫీసులో ఇద్దరే: గేమ్‌లో ఊళ్లు కట్టే బావ, తెర మీద పొగమంచు కమ్మేలా చేసే ప్రోగ్రాం, అదే షేడర్, రాసే మరదలు.

“ఏంటి బావా, నా కుర్చీ వెనకాలే నిలబడ్డావ్?”

“ఊరికే. ఏదో మారుస్తున్నట్టున్నావ్?”

“మంచు.”

“బానే ఉందిగా మంచు! పావుగంటలో వాళ్లొస్తుంటే ఇప్పుడు మార్చడమేంటే?”

“ఆడేవాడు వంతెన మీద కాలు పెట్టగానే షేడర్‌లో ఒక్క విలువ సున్నా అవుతుంది. మంచంతా ఇట్టే విడిపోతుంది. అవతల ఏముందో మొత్తం కనిపిస్తుంది.”

“ఎందుకే?”

“గేమ్ చివర్లో వచ్చే, ఎవరేం చేశారో చెప్పే పేర్లు చూశాను. పొగమంచు అన్నచోట నా పేరు లేదు. ఆర్నెల్లు నిద్ర మానుకుని రాశాను బావా. కడుపు మండిపోతోంది.”

“అది... మన కంపెనీ పెద్దాయన ఏదో తొందర్లో...”

“పెద్దాయనా?”

“మరింకెవరు? ఆయన మీద కోపం గేమ్ మీద చూపిస్తావా? తీసెయ్, తీసెయ్.”

“నీకెందుకు కంగారు? వంతెన అవతల నీ ఊరేగా. నాలుగొందల ఇళ్లూ అయిపోయాయని మీటింగులో చెప్పావు.”

“అయిపోయాయి. అంటే... దాదాపు.”

“దాదాపంటే?”

“ముందు వరస అయింది.”

“ముందు వరసలో ఎన్ని?”

“తొమ్మిది.”

“వెనకాల?”

“నీకు తెలీదా ఏంటి! తలుపుల్లేని తెల్ల డబ్బాలు. ‘మంచు కాస్త చిక్కగా పెట్టవే, నా పరువు కాపాడు’ అని నిన్ను బతిమాలింది నేనేగా!”

“కాపాడాను. నాలుగు నెలలు.”

“ఈ ఒక్కరోజు కాపాడు. మీ అక్క మొహం చూసైనా. నా కొంప మునుగుతుందే! పెద్దాయన చేసినదానికి నన్ను బలిచేస్తావా?”

“పొగమంచు అన్నచోట ఎవరి పేరుందో చదువు బావా. ఇదిగో, తెర మీదే ఉంది.”

“పొగమంచు... అదీ...”

“గట్టిగా.”

“నాదే. నాదేలే. ఎవరు చేశారని ఆయనడిగితే... నేనే అనేశాను. రేపే మార్పిస్తా, ఒట్టు!”

“రేపెందుకు?”

“పోనీ, ఆ విలువ ఎక్కడుందో చెప్పు. నేనే మార్చుకుంటా.”

“నువ్వు రాసిన మంచులో నీకు తెలీదా?”

“ఏడిపించకే! అదుగో, లిఫ్టు దిగారు, వచ్చేస్తున్నారు...”

“ఎదురెళ్లు మరి. మంచేమైపోయిందని వాళ్లడిగితే, జవాబు చెప్పాల్సింది నువ్వే బావా.”