మూడోసారి

లైసెన్సు పరీక్ష రాసే ఆఫీసు ముందు పార్కింగ్‌లో కారాపి, కూతురు పుస్తకం తెరిచింది. ఊళ్లో ఇరవై రెండేళ్లు ఆర్టీసీ బస్సు నడిపిన తండ్రి, ఈ పరాయి దేశంలో బస్సులో జనాన్ని ఎక్కించుకోవడానికి రాయాల్సిన ఆ చిన్న పరీక్షలో ఇప్పటికే రెండుసార్లు ఫెయిలయ్యాడు.

“రైలు పట్టాల ముందు ఎంత దూరంలో ఆపాలి నాన్నా?”

“పదిహేను అడుగుల నుంచి యాభై లోపు.”

“కరెక్ట్. తాగి గొడవ చేసేవాణ్ణి ఎక్కడ దించాలి?”

ఆయన కిటికీలోంచి బయటికి చూశాడు.

“నిన్న కూడా ఇక్కడే ఆగిపోయావు. వచ్చే స్టాప్‌లో, లేదంటే వెలుతురు, నలుగురు మనుషులు ఉన్న చోట. ఇంత ఈజీ ఆన్సర్!”

“తెలుసమ్మా. కంఠతా వచ్చు.”

“మరి?”

“ఒకసారి మన బస్సులో ఒకడు తాగి వాంతి చేసుకున్నాడు. జనం గోల పెడితే జోరు వానలో దించేశాను, వాగు వంతెన మీద. మర్నాడు వెళ్లేసరికి అక్కడ వాడి చెప్పులు మాత్రం ఉన్నాయి.”

“ఎవరినైనా అడిగావా?”

“భయమేసి అడగలేదు. ఇక్కడ రెండుసార్లూ ఆ ప్రశ్న వచ్చింది. అది చూశాక మిగతావేవీ కళ్లకు కనబడలేదు.”

కూతురు వాచీ చూసుకుంది.

“మీ అల్లుడికి జాబ్ పోయి ఆర్నెల్లయింది నాన్నా. ఈ బస్సు జాబే మనకి దిక్కు. ఈసారి ఆ ప్రశ్న వస్తే వదిలేసి ముందుకెళ్లిపో.”

ఆయన సీటు బెల్టు తీయలేదు.

“ఆ రోజూ అదే చేశానమ్మా.”