పొడుగోడు రాయని పరీక్ష

కూతురు తన ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని ఉంది. తండ్రి ఫోనులో.

"...అది కాదు నాన్నా, ముందు పొడుగోడి నంబరు చెప్పు. మిగతాది తర్వాత."

"ఏ పొడుగోడు?"

"నీకెంతమంది పొడుగోళ్లున్నారు? మన లిఫ్టు రిపేరు కోర్సులో చేరాడే, ఆ అపార్టుమెంట్లో పనిచేసేవాడు. వీడియో క్లాసులో వాడి తల ఎప్పుడూ కనపడదని నువ్వే పెట్టావుగా ఆ పేరు."

"ఆ... వాడా. వాడికేమైంది?"

"వాడికి కాదు, నాకైంది. నంబరు చెప్పు."

"నంబరు ఫోన్లో ఉంది. ఫోన్లో నీతో మాట్లాడుతున్నాను."

"మాట్లాడుతూ చూడొచ్చు నాన్నా. చెవి దగ్గర్నుంచి తీసి, కింద ఎడమ పక్క..."

"నాకు రాదమ్మా అదంతా. ఏమైందో చెప్పు ముందు."

"ఎందుకలా రొప్పుతున్నావు?"

"నడుస్తున్నాగా. నడువు నడువు అని ప్రాణం తీసేదీ నువ్వే, నడిస్తే ఇలా అడిగేదీ నువ్వే."

"మెల్లగా నడవమన్నాడు డాక్టరు. చదునుగా ఉన్నచోట."

"సరేలే. చెప్పు."

"తిట్టనంటే చెప్తాను."

"తిట్టడానికి ఊపిరుండాలిగా. చెప్పవే."

"పొద్దున సాఫ్ట్‌వేరు కొత్త వెర్షన్ వేశాను. అదే, మన కోర్సు నడిచేది. వేశాక అన్నీ సరిగ్గా వస్తున్నాయో లేదో చూసుకోవాలి కదా. స్టూడెంటుకి ఎలా కనపడుతుందో చూద్దామని ఒక స్టూడెంటు పేరుతో లోపలికెళ్లాను."

"వాళ్ల పేరుతో నువ్వెలా వెళ్తావు?"

"అడ్మిన్ని నాన్నా నేను. తాళాలన్నీ నా దగ్గరే. ఎవరి పేరు నొక్కితే వాళ్లలా లోపలికి వెళ్లిపోవచ్చు. జాబితాలో అన్నిటికంటే అడుగున వాడి పేరుంది. నొక్కాను."

"ఊ."

"పాఠాలు చూశాను, బాగానే ఆడుతున్నాయి. ప్రశ్నలడిగే పేజీ చూశాను, అదీ బాగుంది. ఆఖరికి పరీక్ష తెరుచుకుంటుందా అని చూశాను. తెరుచుకుంది. ప్రశ్నలన్నీ టైపు చేసింది నేనేగా, జవాబులన్నీ నోటికొచ్చు. చెయ్యి ఊరుకుంటేగా. టకటకా నొక్కుకుంటూ పోయాను."

"వాడి పేరుతో."

"వాడి పేరుతోనే."

"ఎన్నొచ్చాయి?"

"నాన్నా!"

"ఊరికే అడిగానే."

"అన్నీ కరెక్టే."

"శభాష్. నా కూతురనిపించావు."

"పరాచికాలొద్దు. ఏడుపొస్తోందిక్కడ. పైన రాసే ఉంది, నువ్వు ఫలానావాడి పేరుతో ఉన్నావు జాగ్రత్త అని. కళ్లు నెత్తికెక్కాయి నాకు, చూళ్లేదు. పాపం సాఫ్ట్‌వేరు తన పని తాను చేసుకుపోయింది. మార్కులేసింది, పాసంది, నీ సంతకంతో సర్టిఫికెట్ తయారుచేసి వాడికి పంపేసింది. వాడి మేనేజరుకో కాపీ."

"మేనేజరుకెందుకు?"

"నేనే పెట్టాను అలాగ. పనిలో ఉన్నవాళ్లు పాసైతే పైవాళ్లకి తెలిస్తే మంచిదని. పెద్ద తెలివైనదాన్నిగా."

"అయితే ఏముంది? ఆ సర్టిఫికెట్ వెనక్కి తీసుకో."

"తీసేశాను. పరీక్ష కూడా చెరిపేశాను. కానీ ఈలోపే మేనేజరు జవాబు రాశాడు. చదువుతా విను. 'సంతోషం. సమయానికి పాసయ్యాడు. మా లిఫ్టు పొద్దుట్నుంచీ అంతస్తుల మధ్య ఆగిపోయింది. లోపల ఒక తల్లి, చంటిపాప ఉన్నారు. సర్టిఫికెట్ ఉంది కాబట్టి అతణ్నే పైనున్న మెషీన్ రూముకి పంపుతున్నాం.' విన్నావా? నాన్నా? నాన్నా!"

"విన్నానమ్మా."

"మరి మాట్లాడవేం?"

"కాస్త నిలబడ్డాను. ఊ, చెప్పు."

"ఇంకేం చెప్పను! వాడు కరెంటు పాఠం తెరవనే లేదు నాన్నా. తలుపుల పాఠం చూశాడు, తాళ్ల పాఠం చూశాడు. కరెంటు పాఠం పక్కన గడి ఖాళీ. పైకెళ్లి, మెయిన్ స్విచ్చి ఆపకుండా, లిఫ్టుని చేత్తో కదిపే చక్రం మీద చెయ్యి వేశాడనుకో..."

"వెయ్యడు."

"నీకెలా తెలుసు?"

"పిరికివాడు. వెయ్యడు."

"పిరికివాడైతే మాత్రం? మేనేజరు వెనకాల నిలబడి కానీ కానీ అంటుంటే? కింద పాప ఏడుస్తుంటే? బ్రేకు వదిలేసి చక్రం పట్టుకోలేకపోతే? లిఫ్టు తల్లీపిల్లతో సహా ఎటు పోతుందో ఎవడికి తెలుసు! ఇద్దరు పిల్లల తండ్రి నాన్నా వాడు. వాడికేమైనా అయితే నేను చంపినట్టే."

"బ్రేకు సంగతి బాగానే చెప్తున్నావే."

"నువ్వు చెప్పినవేగా. ఆ వీడియోలన్నీ కత్తిరించి అతికించింది నేనే. సగంలో నువ్వు కెమెరాకి అందకుండా లేచిపోతావు. కుర్చీలో కూర్చుని చెప్పు మహానుభావా అంటే వినవు. ఖాళీ కుర్చీ కనపడుతుంటుంది, మాట మాత్రం ఎక్కణ్నుంచో వస్తుంటుంది."

"కూర్చుని లిఫ్టు బాగుచేసినవాణ్ని నేనింతవరకూ చూళ్లేదు."

"ఇప్పుడా జోకులు? మేనేజరుకి తిరిగి రాశాను, జవాబు లేదు. వాళ్ల ఆఫీసు ఫోను మోగీ మోగీ ఆగిపోతోంది. వాడి పేరు పక్కన ఆ నంబరే ఉంది. సొంత నంబరు నీకే తెలుసు. రోజూ చేస్తాడుగా నీకు, మాస్టారూ మాస్టారూ అని. చెప్పు నాన్నా, నీ కాళ్లు పట్టుకుంటాను."

"చేశాడులే."

"ఏంటీ?"

"ఇందాక వాడే చేశాడు నాకు."

"మరి చెప్పవేం? ఇంతసేపట్నుంచీ గొంతు చించుకుంటున్నాను!"

"నువ్వు చెప్పనిస్తేగా. 'మాస్టారూ, నేను పరీక్ష రాయలేదు, పాసయ్యానంటున్నారు, పైకెళ్లమంటున్నారు, ఏం చెయ్యను' అన్నాడు. ఎక్కొద్దురా అన్నాను. మెషీన్ రూము తాళం ఎవరికీ ఇవ్వొద్దు, నువ్వూ కదలొద్దు, లిఫ్టు పక్కన నిలబడి లోపలున్నావిడతో కబుర్లు చెప్తూ ఉండు అన్నాను."

"అమ్మయ్య. అమ్మయ్య నాన్నా. ప్రాణం లేచొచ్చింది."

"నీళ్లు తాగు కాసిని."

"తాగుతాను. ఈ మాట ముందే చెప్తే నీ సొమ్మేం పోయింది? ... ఉండు. మరి వాళ్లనెవరు తీస్తారు బయటికి?"

"తీస్తారు."

"ఎవరు?"

"లిఫ్టు కంపెనీకి చెప్పారట."

"ఎప్పుడొస్తారట?"

"సాయంత్రం అన్నారట."

"సాయంత్రమా? చంటిపిల్లతోనా? ఆ డబ్బాలోనా?"

"ఆలోపే అయిపోతుందిలే."

"ఏం అయిపోతుంది? ఎలా అయిపోతుంది? అన్నీ ముక్కలు ముక్కలుగా చెప్తావు."

"నువ్వు ముందా సాఫ్ట్‌వేరు కంపెనీవాణ్ని పట్టుకుని నాలుగు కడిగెయ్. ఎవరి పేరుతో ఎవరు రాస్తున్నారో చూసుకోవద్దూ వాడు?"

"మాట మార్చకు. దానికి కంపెనీ లేదని ఎన్నిసార్లు చెప్పాలి? ఎవరెవరో కలిసి రాసుకున్నారు, కావాల్సినవాళ్లు తీసుకోండని వదిలేశారు. తలకింత కట్టమనే కంపెనీలైతే మన పిల్లలు కట్టలేరనేగా దీన్ని తెచ్చుకున్నది. మూత విప్పి లోపల చూసుకోవచ్చు, మనకి కావాల్సినట్టు బిగించుకోవచ్చు అంటే మురిసిపోయింది నువ్వే. సీలేసిన డబ్బా నాకొద్దన్నావు."

"ఇప్పటికీ అదే అంటాను. తప్పు దానిది కాదు."

"నాదే."

"నీదే. తలుపు తెరుచుకుంది కదాని లోపల లిఫ్టు ఉందనుకోకూడదు. చూసి అడుగెయ్యాలి."

"ఒప్పుకున్నానుగా. ఇంకెంత వాయిస్తావు?"

"వాయించట్లేదు తల్లీ. ఉండు... ఊ. చెప్పు."

"మళ్లీ ఆగావా? నీరసంగా ఉందా? కూర్చో ఓసారి. బెంచీ ఉంటుందిగా."

"ఇక్కడ బెంచీలెవరు వేస్తారు?"

"పార్కులో బెంచీ లేకపోవడమేంటి?"

"రంగులేస్తున్నారు."

"అన్నిటికీనా?"

"అన్నిటికీ."

"మాటేంటి అలా మోగుతోంది, నూతిలోంచి వచ్చినట్టు?"

"నీ ఫోనే బాగోలేదు."

"నాన్నా, ఓ మాట చెప్పనా? ఈ కోర్సు ఎందుకు పెట్టానో తెలుసా నీకు?"

"తెలుసు. నలుగురు నేర్చుకోవాలని."

"నలుగురూ లేదు, నా మొహం లేదు. ఆస్పత్రిలో డాక్టరు నన్ను పక్కకి పిలిచి చెప్పాడు, మీ నాన్న ఇక మెట్లెక్కకూడదమ్మా, ఆ గుండె ఓర్చుకోదు అని. నువ్వేమో మంచం మీంచే, ఫలానా బిల్డింగులో లిఫ్టు మూలుగుతోంది, వెళ్లి చూడాలి అంటున్నావు. మానమంటే మానే మనిషివా? లిఫ్టు చెడితేనేగా నిన్ను పిలిచేది. చెడిన లిఫ్టు దగ్గర మెట్లేగా గతి."

"లిఫ్టు మెకానిక్కి జన్మంతా మెట్లే."

"నవ్వకు. నీ బదులు పైకెక్కేవాళ్లు పదిమంది తయారైతే నువ్వు ఇంటిపట్టున ఉంటావని పెట్టాను. అంతే. నాకు లిఫ్టులూ అక్కర్లేదు, సాఫ్ట్‌వేర్లూ అక్కర్లేదు. నువ్వుండాలి. లైన్లో ఉన్నావా?"

"ఉన్నానమ్మా."

"నా తలమీద చెయ్యిపెట్టి ఒట్టేశావు, ఇక ఎక్కనని. గుర్తుందిగా?"

"గుర్తుంది తల్లీ."

"ఆ. ఉండుండు, ఇంకెవరో చేస్తున్నారు. కొత్త నంబరు. లైన్లోనే ఉండు, పెట్టెయ్యకు. ... హలో?"

"హలో, అక్కా? నేనక్కా, పొడుగోణ్ని. మేనేజరుగారి ఫోన్లోంచి."

"బాబూ! ఎక్కడున్నావు? పైకెళ్లలేదుగా?"

"లేదక్కా. మూడో అంతస్తులోనే, లిఫ్టు పక్కనే ఉన్నాను. కదలొద్దన్నారు మాస్టారు."

"మంచి పని చేశావు. నీ పేరుతో పరీక్ష రాసింది నేనే. పొరపాటు నాదే, నిన్నెవరూ ఏమీ అనరు. పాపెలా ఉంది?"

"ఏడ్చి ఏడ్చి పడుకుందక్కా. తల్లే గాభరా పడుతోంది. ఇంకెంతసేపు, ఇంకెంతసేపు అంటోంది. నేను చెప్తున్నాను, అయిపోయిందమ్మా, పైకి చేరిపోతారు, కిందకి దింపేస్తారు అని. అక్కా, మీరు మాస్టారితో మాట్లాడుతున్నారా? ఆయన ఫోను ఎంతసేపటికీ ఖాళీ లేదంటోంది."

"నాతోనే మాట్లాడుతున్నారు. ఎందుకు?"

"ఏం లేదక్కా. ఊరికే."

"ఎవరు చేరిపోతారు పైకి?"

"కంపెనీవాళ్లక్కా."

"సాయంత్రం దాకా రారుగా వాళ్లు."

"ఆ... అంటే..."

"బాబూ, పైకి ఎవరెళ్లారు?"

"అక్కా, మీకు చెప్పొద్దని మాట తీసుకున్నారక్కా."

"ఎవరు?"

"నేను ఫోను చేసిన కాసేపటికే మాస్టారే వచ్చేశారక్కా. వెనకాలే వస్తానన్నాను. చెయ్యి పట్టుకుని ఎక్కిస్తానన్నాను. ఒప్పుకోలేదక్కా. 'పరీక్ష రాయనివాడు పైకి రాకూడదు, నువ్విక్కడ లేకపోతే ఆవిడ భయపడుతుంది' అని తాళం లాక్కుని వెళ్లిపోయారు. ప్రతి మలుపు దగ్గరా ఆగడం వినపడింది నాకు. ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతున్నారు, నవ్వుతున్నారు కూడా. ఇప్పుడేమీ వినపడట్లేదక్కా, అందుకే చేశాను."

"నువ్వక్కడే ఉండు బాబూ. ... నాన్నా!"

"ఊ."

"నాన్నా, అక్కడే కూర్చో. ఎక్కడున్నావో అక్కడే కూర్చుండిపో. ఇంకొక్క మెట్టు ఎక్కకు. నేను వస్తున్నాను."

"చెప్పేశాడా? నోట్లో నువ్వుగింజ నానదు వెధవకి."

"ఒట్టేశావు నా మీద!"

"వేశాను. దానికి నువ్వు నన్నేం చేసినా పడతాను."

"పొరపాటు చేసింది నేను నాన్నా! నొక్కింది నేను! నువ్వెందుకెక్కాలి?"

"సర్టిఫికెట్ మీద సంతకం నాదేగా అమ్మా. అది చూసేగా వాణ్ని పంపబోయారు. ఆ సంతకం కింద ఒక తల్లీ పిల్లా కూర్చుని ఉంటే, నేను పార్కులో తిరుగుతానా?"

"దండం పెడతాను. ఇంకెంత దూరం ఉంది?"

"అయిపోయింది. నీతో మాట్లాడుతూ ఎక్కేశాను, తెలియనే లేదు."

"ఛాతీలో ఏమైనా... నాన్నా, నిజం చెప్పు."

"మెయిన్ ఆపేశాను. ఎవరూ మళ్లీ వెయ్యకుండా దానికి తాళం వేశాను. ఇక ఫోను పెట్టెయ్యాలమ్మా. చక్రం తిప్పడానికి రెండు చేతులూ కావాలి."