బస్సు వెనక బావ కారు

ముందు ఆ ఇంజను ఆపమ్మా. ఆపి ఇలా వచ్చి కూర్చో. వెనక నీలంగా పొగ కక్కుతుంటే నీకేం కనిపిస్తుంది, నీ వెనకొచ్చేవాళ్ళకి కనిపిస్తుంది గానీ. ఏంటీ, టర్బో మార్చేయాలన్నాడా మెకానిక్? అంటాడులే, వాడి పని వాడిది. బ్రీదర్ పైపు విప్పి చూశాడేమో అడిగావా? అడగలేదు కదూ. మా బావే ఉండుంటే ఈపాటికి నీ బానెట్ కింద నడుం దాకా దూరేవాడు. ఆఁ, ఆయనే, మా అక్క మొగుడు, నీకు తాత వరస. నువ్వు పుట్టకముందే పోయాడు, ఫొటోలో చూసుంటావు, పెద్ద మీసాలు. వీధిలో అందరూ పొగ మేస్త్రి అనేవాళ్ళు. మేస్త్రీ లేదు ఏమీ లేదు, కళ్ళద్దాల షాపు ఆయనది. పగలంతా అద్దాలు తుడిచి తుడిచి మెరిపించడం, సాయంత్రమయ్యేసరికి మోచేతుల దాకా ఆయిలు పూసుకోవడం.

ఎక్కడ దొరికిందో ఏమో, ఒక పాత టర్బో కారు కొన్నాడు. వద్దని నేను నెత్తీ నోరూ కొట్టుకున్నాను. వింటేగా. "తొక్కితే వీపు సీటుకి అతుక్కుంటుందిరా" అనేవాడు, ముక్కు మీదకి జారిన కళ్ళద్దాలు పైకి తోసుకుంటూ. అతుక్కునే మాట నిజమే, కానీ వెనక పొగ. అచ్చం నీ బండి పొగే. ఎందుకొస్తుందంటే, ఏ ఇంజనుకైనా పిస్టన్ల పక్కనుంచి కాస్త గాలి కిందకి జారుతూనే ఉంటుంది, ఇంజను కడుపులోకి. టర్బో ఉన్న బండికి మరీను, ఇంజనులోకి గాలిని దట్టించి కూరుతుంది కదా ఆ టర్బో. ఆ జారిన గాలి ఆయిలు తుంపరని వెంటేసుకుని ఎటో ఒకవైపు బయటపడాలి. అందుకే బ్రీదర్ పైపు. దాన్ని తీసుకెళ్ళి టర్బో మూతికే తగిలిస్తారు, అది పీలిస్తే ఇంజనులో కాలిపోతుందని. బండి ముసలిదైపోతే తుంపర కాస్తా ధారవుతుంది, అంత ఆయిలు కాలితే ఇదిగో ఈ నీలం పొగ. అర్థమైందా? కాకపోయినా తలూపు, బావ చెప్పేటప్పుడు నేనూ అలాగే ఊపేవాణ్ణి.

సరే, ఎక్కడున్నాం... ఆఁ, పైపు. బావ ఏం చేశాడూ, దాన్ని టర్బో దగ్గర పీకి బానెట్ కిందే వేలాడదీశాడు. వెనక పొగ మాయం. కారు వీధంతా తిప్పి, కిటికీల్లోంచి జనాన్ని పిలిచి మరీ చూపించాడు. మరి ఆ పొగ ఎక్కడికి పోతుంది, గాలొచ్చే రంధ్రాల్లోంచి తిన్నగా కారులోకే వచ్చింది. మా అక్కకి అసలే ఆయాసం. వారం వారం మా అమ్మ దగ్గరికి వెళ్ళొచ్చేవాళ్ళు ఇద్దరూ. ఆ ఆదివారం సగం దారి వెళ్ళారో లేదో, దగ్గు మొదలైంది. ఆగని దగ్గు, కళ్ళల్లో నీళ్ళు. కారు ఆపించి దిగిపోయింది. ఆ రూట్లో బస్సుకి కండక్టర్ని నేనే కదా, చూద్దును కదా మా అక్క రోడ్డు పక్కన చెయ్యెత్తి నిలబడి ఉంది. ఎక్కి ముందు సీట్లో కూర్చుంది. కాసేపు ఊపిరి పీల్చుకుని, "ఆ కంపు పోయేదాకా ఆ కారెక్కనురా. నేను ఊపిరాడక పోతే ఆయనకి టర్బో వండి పెడుతుందా" అంది.

ఇక అప్పట్నుంచీ చూడాలి మా బావ అవస్థ. ఆదివారం వస్తే అక్క బస్సులో, బావ బస్సు వెనక కారులో. ఖాళీ కారు. దాటి పోవచ్చుగా? పోడు. బస్సు ఆగినచోటల్లా ఆగేవాడు, కదిలితే కదిలేవాడు. మా డ్రైవరు ఊరుకునేవాడు కాదు, "మీ బావగారికీ ఒక టికెట్ కొట్టవయ్యా, మనతోనే వస్తున్నారు" అనేవాడు. బస్సంతా నవ్వు. అక్క మాత్రం మెడ తిప్పేది కాదు. నేను టికెట్లు కొడుతూ దగ్గరికొస్తే మెల్లిగా అడిగేది, "ఒరేయ్, వస్తున్నారా" అని.

బావకి పంతం పట్టుకుంది. గొడవంతా పైపుతోనే కదా అని దాని మూతికి బిరడా బిగించేశాడు. తెలివి చూశావా. లోపలి గాలి ఎటు పోవాలి? ఆయిలు కొలిచే పుల్ల ఉంటుంది చూడు, అది టప్పుమని ఎగిరిపడింది, ఆయిలు కారకుండా ఆపే సీళ్ళు వదిలేశాయి, బానెట్ కిందంతా ఆయిలు స్నానం. ఆ వారం బస్సు వెనక కారు లేదు. అక్కే స్టాపు స్టాపుకీ వెనక్కి తిరిగి చూసింది. నేను చూడనట్టు చిల్లర సర్దుకున్నాను.

సీళ్ళు మార్చాక రేకు డబ్బా పట్టుకొచ్చాడు. ఒక పక్క బ్రీదర్ పైపు లోపలికి, ఇంకో పక్కనుంచి మళ్ళీ టర్బోకి. మధ్యలో గిన్నెలు తోమే స్టీలు పీచు. గాలి పీచులోంచి దూరి వెళ్ళిపోతుంది, ఆయిలు పీచుకి అంటుకుని అడుక్కి దిగుతుంది, నిండితే వంపుకోవడమే. ఆలోచన బాగానే ఉంది, కానీ మా బావ కదా, వంటింట్లో ఉన్న పీచంతా తెచ్చి కుక్కాడు. మళ్ళీ గాలాడలేదు, మళ్ళీ పుల్ల ఎగిరింది. అక్క ఎంగిలి గిన్నెలన్నీ తెచ్చి ఆయన ముందు పెట్టి, "పీచు మీ దగ్గరే ఉందిగా, ఇవి కూడా కానివ్వండి" అంది. తోమాడమ్మా, నిజంగా. తోముతూనే తట్టిందట, పీచు వదులుగా ఉండాలని.

చివరికి కుదిరింది. అక్క ఊరికే నమ్ముతుందా? కారు ఇంటి ముందే నిలిపి, ఇంజను స్టార్ట్ చేయించి, తలుపులూ అద్దాలూ అన్నీ మూసుకుని లోపల కూర్చుంది. బావ బయట చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపటికి అద్దం దించి, "ఏమీ రావట్లేదే" అంది, అదేదో ఆయన తప్పైనట్టు.

ఆ ఆదివారం బస్సులో ముందు సీటు ఖాళీ. వెనకనుంచి హారన్ కొట్టి మరీ మమ్మల్ని దాటాడు బావ. "పోయింది మన పాసింజరు" అన్నాడు డ్రైవరు. నేను డ్యూటీ దిగి మా అమ్మ దగ్గరికెళ్తే, అక్కా బావా ఇంకా రాలేదు. అమ్మ గుమ్మంలోంచి కదలట్లేదు, "ఆ దిక్కుమాలిన కారు ఎక్కడ ఆగిందో, పిల్లకి ఏమైందో" అని ఒకటే గోల. ఇంతలో వీధి చివర కారు కనపడింది. నడిచే మనిషంత మెల్లిగా వచ్చింది, ఇంటి ముందు ఆగకుండా అలాగే వెళ్ళిపోయింది. "బ్రేకులు పోయాయిరా" అంది అమ్మ. కాసేపటికి మళ్ళీ అటునుంచి వచ్చింది. నేను చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తి కారు పక్కకి చేరాను. బావ నన్ను చూసి పెదాల మీద వేలు పెట్టాడు. అద్దాలన్నీ ఎత్తేసి ఉన్నాయి. పక్క సీట్లో అక్క తల వాల్చేసి, నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆయాసంతో రాత్రంతా దిండుకి ఆనుకుని కూర్చునే మనిషమ్మా. అలా ఒళ్ళు మరిచి పడుకోగా నేనెప్పుడూ చూడలేదు. "ఆపితే లేస్తుందిరా" అన్నాడు, గొంతు రాకుండా, మూతి కదిలించి. అని మళ్ళీ వీధి మలుపు తిప్పేశాడు.

ఊఁ... ఏం లేదులే. దీనికి బానెట్ ఎక్కడ లాగాలమ్మా?