అయిదింట రెండు

మదీనాగూడలో బొంబాయి రోడ్డు పక్కన పెంటయ్య చాయ్ హోటల్లో కూర్చున్న పట్టాభిరామయ్యగారికి ఆ సాయంత్రం చాయ్ గొంతు దిగడం లేదు. తెనాలి వైపు నుంచి వచ్చి, బోరబండ దగ్గర మూడేళ్ల కిందట పెట్టిన సాయంత్రపు కాలేజీలో చరిత్ర చెప్పుకుంటున్న మనిషాయన. అక్కడి లెక్కల మాస్టారు చెప్పాపెట్టకుండా మానేశాడు. డిగ్రీలో చేరిన పిల్లలకేమో భిన్నాలు కూడా రావు. "రేపట్నుంచి ఆ కూడికలూ తీసివేతలూ మీరే చెప్పండి. నేను వెనక బెంచీలో కూర్చుని వింటాను. చేతకాకపోతే ఎల్లుండి నుంచి రానక్కర్లేదు" అన్నాడు కాలేజీ సెక్రటరీ. భిన్నం పేరెత్తితే పట్టాభిరామయ్యగారికి చిన్నప్పట్నుంచీ ముచ్చెమటలు. ఇంట్లో భార్య సుబ్బలక్ష్మికి చెప్పే ధైర్యం లేదు. భయమేసినప్పుడల్లా ఆయన చేసే పని ఒక్కటే, కోతలు కోయడం.

"లెక్కలు చెప్పడమంటే ఏవిటనుకున్నావు పెంటయ్యా? రెండేళ్ల కిందట మా కాలేజీలోనే నేను భిన్నాలు చెప్పాను. మీసాలొచ్చిన డిగ్రీ వాళ్లు, సగానికి మూడో వంతు కలిపితే ఎంతరా అంటే నోరెళ్లబెట్టారు. సరే కదా అని బోర్డు మీద లెక్క వేశాను. అంతే! మొదటి బెంచీ వాడికి పళ్లు టకటకా కొట్టుకున్నాయి. పక్కవాడికి చలిజ్వరం. ఇంకొకడు పారిపోదామని తలుపు లాగాడు. గడియ పెట్టలేదు, తాళం వెయ్యలేదు, అయినా తలుపు రాదే! జవాబు తేలేదాకా ఆ లెక్క ఎవర్నీ బయటికి పోనివ్వదన్నమాట."

"ఏంది సారూ, లెక్క పోయి తలుపు పట్టుకుంటదా?" అన్నాడు పెంటయ్య పాలు కలుపుతూ.

"పట్టుకుంటుందయ్యా! చూసినవాణ్ణి చెబుతుంటేనూ! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కూడిక గుర్తుకి నిలువు గీత ఉంటుందా, అది మెల్లగా చెరిగిపోయింది. నేను చెరపలేదు సుమా, డస్టరు నా చేతిలోనే ఉంది. ప్లస్ కాస్తా మైనస్ అయి కూర్చుంది. మైనస్ పనేవిటి? తీసెయ్యడం. మొదలెట్టింది. ముందు కిటికీ తలుపులు తీసేసింది. తర్వాత బెంచీలు. తర్వాత బెంచీల మీద పిల్లలు! హాజరు పిలిస్తే 'ప్రజెంట్ సార్' అని గొంతులు వినపడుతున్నాయి, మనుషులు లేరు."

గోపన్‌పల్లిలో బండలు కొట్టే రాజయ్య నోట్లో బీడీ ఆరిపోయింది. "వామ్మో" అన్నాడు. అతని పక్కన ఫ్యాక్టరీ ఖాకీ చొక్కాలో కూర్చున్న వీరేశం మాత్రం తన గ్లాసు వంకే చూస్తున్నాడు. ముప్పై ఏళ్ల మనిషి, ఈ మధ్యే ఆ హోటల్‌కి అలవాటయ్యాడు.

పట్టాభిరామయ్యగారికి ఇక ఆపుదామనే ఉంది. నోరు ఆగితేగా.

"గది అయిపోయింది, బయట పడింది. రాజయ్యా, నువ్వు కొట్టే గుట్ట లేదూ, దాని కింద నేల తీసేసింది. బండలన్నీ గాల్లో నిలబడ్డాయి! ఈ బొంబాయి లారీల కింద రోడ్డు తీసేసింది. చక్రాలు గిరగిరా తిరుగుతాయి, లారీ కదలదు."

"రెండేండ్ల కింద గూడ నేను గా గుట్ట మీదనే పని చేస్తున్న. నాకు కానరాలేదు సారూ."

"నిన్నూ తీసేసింది కదయ్యా! లేనివాడికి ఎలా కనపడుతుంది?"

రాజయ్య తన రెండు చేతులూ ఒకసారి తడుముకుని చూసుకున్నాడు.

"ఇక లోకంలో మిగిలింది నేనూ, ఆ బోర్డూ. అప్పుడు చూద్దును కదా, తీసేసిన బెంచీల్లో వెనక బెంచీ ఒక్కటి తిరిగొచ్చింది. దాని మీద ఎవరో కూర్చున్నారు. మొహం లేదు. కాళ్లు ఊపుతూ, 'నీకొచ్చా? నీకొస్తే చెప్పు' అంది."

నిజానికి ఆ మొహం ఎవరిదో ఆయనకు తెలుసు. రేపు అదే బెంచీ మీద కూర్చుంటుంది.

"చెప్పినవా సారూ?" అన్నాడు పెంటయ్య, గరిటె తిప్పడం మరిచిపోయి.

"చెప్పకేం! గుండె రాయి చేసుకుని అరిచాను. పైన ఒకటీ ఒకటీ రెండు, కింద రెండూ మూడూ అయిదు, అయిదింట రెండు! అంతే! బండలు దభీమని పడ్డాయి, లారీలు కదిలాయి, పిల్లలు ఎవరి చోట్లో వాళ్లు ప్రత్యక్షం. వెనక కూర్చున్నది తోక ముడిచింది. ఆనాటి నుంచి మన కాలేజీ చాయలకు రాలేదు."

రాజయ్య గట్టిగా ఊపిరి వదిలాడు. వీరేశం తన చాయ్ సగం దాకా తాగి, గ్లాసు బల్ల మీద పెట్టి, రాజయ్య గ్లాసులోంచి కొంచెం దాంట్లో వంచాడు.

"సారూ, సగం గ్లాసు ఉండె. ఇంకింత పోసిన. ఎక్కువైందా, తక్కువైందా?"

"ఇదేం ప్రశ్నయ్యా? పోస్తే ఎక్కువే అవుతుంది."

"మరి అయిదింట రెండంటే సగం కన్న తక్కువ గద?"

పట్టాభిరామయ్యగారు గ్లాసు వంక చూశారు. చాయ్ సగానికి పైనే ఉంది. బండలన్నీ మళ్లీ గాల్లోకి లేచినట్టయింది ఆయనకి.

"నన్ను తప్పు పట్టుకోకుండ్రి సారూ" అన్నాడు వీరేశం. "పోయినేడు ఫ్యాక్టరీ పరీక్షల గదే లెక్క అడిగిన్రు. నేను గూడ పైవి పైన, కిందివి కింద కలిపి అయిదింట రెండని రాసిన. ఫెయిల్ చేసిన్రు. మా సూపర్‌వైజరు గిట్లనే చాయ్ పోసి చూపిచ్చి, తప్పని తిట్టిండు. మల్ల ఫెయిలైతే నౌకరి పక్కా కాదట. గా భయానికే మీ కాలేజీల చేరిన. రేపట్నుంచి లెక్కలు మీరే చెప్తరని ఆడ నోటీసు పెట్టిన్రు."

పెంటయ్య నవ్వబోయి, సారు మొహం చూసి మానుకున్నాడు.

పట్టాభిరామయ్యగారు వీరేశం వైపు వంగి, మిగతా ఇద్దరికీ వినపడనంత చిన్న గొంతుతో అడిగారు: "మరి ఒప్పెంతో ఆ సూపర్‌వైజరు చెప్పాడా అబ్బాయ్?"

"గది మీరు చెప్తరనే గద సారూ, రేపు మీ క్లాసుకొస్తున్న."