ఆరో నంబరు గదిలో దాచిన మర్యాద

సార్ ఇల్లాలు ఫెలిస్తా అమ్మా, పెద్దలారా, మా ఎరీసా సెన్యోంగా సార్ చేతిలో తర్ఫీదు పొందిన మిత్రులారా!

ఇంతమంది ఒక్కచోట చేరితే సార్ ఏం చేసేవారు? ఒక్కొక్కరినీ ఆపి, "చదువైపోయింది సరే, తర్వాత ఏంటి?" అని అడిగేవారు. గురువారం నుంచి ఆ ప్రశ్న అడిగే మనిషి లేరు. ఈ మాట నోటితో అంటుంటే కూడా నాకు నమ్మబుద్ధి కావడం లేదు.

నా పేరు నల్వెయిసో. ఈ యూనివర్సిటీలోనే ఆహార సాంకేతిక శాస్త్రం చదివాను. నాలుగేళ్లలో పాలు కాచడం, చల్లార్చడం, పరీక్షించడం అన్నీ నేర్పారు. చివరి ఏడాది ఒక పాల ఫ్యాక్టరీలో ఇంటర్వ్యూకి పిలిచారు. తలుపు తీశాను. ఎదురుగా ముగ్గురు పెద్దవాళ్లు. మన బుగాండా ఆడపిల్లల సంగతి మీకు తెలియనిదా? నడక నేర్చిన ఏడాదే పెద్దల ముందు మోకరిల్లడమూ నేర్చుకుంటాం. నా మోకాళ్లు వాటంతటవే వంగాయి. ఫైళ్లతో సహా నేల మీద ఉన్నాను.

వాళ్లలో ఒకాయన పకపకా నవ్వాడు. "లే తల్లీ, ఇది ఆఫీసు, మీ మేనత్తగారిల్లు కాదు" అన్నాడు. లేచాను గానీ, ఆ తర్వాత అడిగిన ఒక్క ప్రశ్నకూ నోరు పెగల్లేదు. నాకు తెలిసిన ప్రశ్నలే అవి!

ఏడుస్తూ ఆరో నంబరు గదికి వచ్చాను. ఉద్యోగాలకు మమ్మల్ని తయారుచేసే సార్ గది అది. సార్ నవ్వారా? లేదు. "తప్పు మాది. నాలుగేళ్లు పాఠాలు చెప్పాం, గుమ్మం దాటడం మాత్రం నేర్పలేదు" అన్నారు.

మర్నాటి నుంచి అదే పని. సార్ కుర్చీలో కూర్చునేవారు. పక్కన పెద్దాఫీసరు వేషంలో క్యాంటీన్‌లో అరటికాయల మటోకే వండే నాకిగుడ్డె అత్త. అదిగో, మూడో వరసలో కళ్లు తుడుచుకుంటోంది. నేను తలుపు తీయడం, మోకాళ్లు వంగడం, సార్ "మళ్లీ!" అనడం. "దీని మోకాళ్లకి మేకులు కొట్టాలయ్యా" అనేది అత్త. పదిహేడోసారి వంగలేదు. వంగలేదని సంతోషించాలో, ఏడవాలో తెలియలేదు.

మా అమ్మకి ఈ కబురు తెలిసి మండిపడింది. నా కూతురికి పొగరు నేర్పుతున్నారా అంది. సార్ టాక్సీ ఎక్కి మా ఊరు వచ్చి, చాప మీద కూర్చుని, అమ్మ పెట్టింది తిని అప్పుడు చెప్పారు: "మీ పిల్ల మర్యాద నేను తీసెయ్యడం లేదమ్మా, నా గదిలో దాచిపెడుతున్నాను. ఉద్యోగం రాగానే వచ్చి పట్టుకెళ్తుంది. ఆ రోజు నా ముందు మోకరిల్లినా కాదనను."

ఆర్నెల్లకి జింజాలో ఉద్యోగం వచ్చింది. ఫోన్ చేశాను. "ఎప్పుడొస్తావు?" అన్నారు. క్రిస్మస్‌కి అన్నాను. రెండు క్రిస్మస్‌లు పోయాయి. మొన్న ఈస్టర్‌కి తనే ఫోన్ చేశారు. "అమ్మాయ్, నీ సామాను ఇక్కడే ఉంది, చెదలు పట్టేలా ఉంది" అని నవ్వారు. వచ్చే నెల తప్పకుండా వస్తానన్నాను. నేనూ నవ్వాను.

జింజా నుంచి ఇక్కడికి ఒక పూట ప్రయాణం. ఒక్క పూట! ఎన్ని ఆదివారాలు ఇంట్లో నిద్రపోయానో! సార్, నాకు సిగ్గుగా ఉంది.

ఇక్కడ సార్‌కి ఏదో చెప్పాలనుకుని వాయిదా వేసింది నేనొక్కదాన్నే కాదని తెలుసు. దయచేసి అందరూ లేవండి. రెండు నిమిషాలు మౌనంగా నిలబడి, ఆ మాట మనసులో ఇప్పుడు చెప్పండి.

నన్ను మాత్రం క్షమించాలి. నేను నిలబడను. సార్, ఉద్యోగం వచ్చింది. ఇదిగో, మోకరిల్లుతున్నాను.